కాలు తీస్తే ఆగే బండి

తోట ఇంటి నుంచి,
వానలకు ముందు

ఒరేయ్ స్పానరూ,

అసలు పేరు పెట్టి పిలిస్తే నువ్వే పలకవు కాబట్టి ఇలాగే మొదలుపెడుతున్నాను. ఇక్కడ మేం బాగానే ఉన్నాం. మీ అక్క నా మీద అరిచే అరుపులకి ఏ లోటూ లేదు, దాన్నిబట్టి ఇద్దరి ఆరోగ్యం భేషుగ్గా ఉందనుకో.

సంగతేంటంటే, మన ముసలి ట్రాక్టర్ని వదిలించుకున్నాను. పాత ఇనుము కొనేవాడు వచ్చి, గొలుసు కట్టి లారీ మీదకి లాక్కుపోయాడు. పోతూ పోతూ కూడా వాకిలంతా ఆయిలు కార్చింది. మీ అక్క గుమ్మంలో నిలబడి "పీడ వదిలింది" అంది, ఆ తర్వాత లోపలికెళ్ళి ముక్కు చీదుకుంది.

ఇప్పుడు కొత్తది కొనాలి. పెద్దది వద్దు. మన నిమ్మతోట నీకు తెలుసుగా, వరుసల మధ్య పెద్ద బండి దూరితే కొమ్మలన్నీ గీరుకుపోతాయి. పై గట్టు నుంచి కింద రాతిగోడ దాకా అంతా వాలే. గడ్డి కోయాలి, మట్టి తిరగేసే రోటవేటర్ తిప్పాలి, కాయల బుట్టలు మోయాలి, అంతే దాని ఉద్యోగం. డీలర్ దగ్గరికెళ్తే టై కట్టుకున్న సేల్స్‌మన్ బోలెడన్ని రంగు కాగితాలిచ్చాడు. వాటి ప్రకారం ప్రతి బండీ మిగతా అన్నిటికన్నా మంచిదే. చదివి చదివి నాకు తల బొప్పి కట్టింది.

నువ్వు పొద్దస్తమానం వాటి పొట్టలు విప్పి చూసేవాడివి. ఏది కొనమంటావో రాయి. నాదొకటే షరతు, పెడళ్ళు తేలిగ్గా ఉండాలి. కుడికాలు ఈ మధ్య కాస్త బద్ధకించింది. వయసు కదా.

ఫోన్ చేయొచ్చుగా అంటావేమో. నేను ఒక మాట అంటే మీ అక్క పక్కన నిలబడి నాలుగంటుంది. ఇలాగైతే నా మాట నేనే చెప్పుకోవచ్చు.

మీ బావ

*

వర్క్‌షాపు,
భోజనాల వేళ

బావా,

నీ ఉత్తరాన్ని గ్రీజు చేతులతోనే విప్పాను, ఇప్పుడది నా చొక్కాలాగే ఉంది.

ముందు ఆ రంగు కాగితాలు పొయ్యిలో పడెయ్. హార్స్‌పవర్ ఎంతో చూసి మురిసిపోకు, మీ తోటకి పెద్ద బలం అక్కర్లేదు. వెడల్పు చూడు. వరుస చివర ఎంత చోటులో తిరుగుతుందో చూడు. వెనకాల లిఫ్టు రోటవేటర్‌ని ఎత్తినప్పుడు ముందు చక్రాలు గాల్లోకి లేస్తున్నాయా చూడు. వాలు కాబట్టి నాలుగు చక్రాలూ లాగేదే తీసుకో. బోల్తా పడితే మనిషిని కాపాడే ఇనప కమాను సీటు వెనక ఉండి తీరాలి. అది లేని బండి ఊరికే ఇచ్చినా వద్దు.

రెండు రకాలున్నాయి. ఒకటి మామూలు గేర్ల బండి. మొండిది, ఎంత బాదినా చావదు, ఏ మూలకెళ్ళినా బాగుచేసేవాడు దొరుకుతాడు. రెండోది క్లచ్ లేనిది. కాలితో పెడల్ నొక్కితే కదులుతుంది, కాలు తీస్తే దానంతటదే ఆగుతుంది. నడపడం సుఖమే, కానీ లోపల ఏదైనా పోతే నా దగ్గరికే తోలుకురావాలి. నీలాంటి పాత డ్రైవర్‌కి అది దండగ. గేర్లదే తీసుకో బావా, కళ్ళు మూసుకుని.

కాలు బద్ధకిస్తే నడిపించు. అక్కతో గొడవ పడి గట్టు దాకా పరిగెత్తు, అదే దారికొస్తుంది.

స్పానర్

*

తోట ఇంటి నుంచి,
మొదటి వాన పడ్డాక

స్పానరూ,

మీ అక్కని వెంటబెట్టుకుని వెళ్ళి రెండు బండ్లూ ఎక్కి చూశాను. గేర్లది నువ్వన్నట్టే మొండి ఘటం, చూడగానే నచ్చింది. అయినా ఆ రెండోది, కాలు తీస్తే ఆగుతుందన్నావే, దాని గురించి మళ్ళీ ఒకసారి ఆలోచించు. నిజంగానే ఆగుతుందా? వాలు మీద కూడానా? కాలు తియ్యకుండా ఊరికే దాని మీద ఆనించి ఉంచితే?

ఇంకొకటి. ఎక్కడానికి మెట్టు ఇంకా కిందకి ఉండేది ఏదైనా ఉందా? పట్టుకోడానికి పక్కన కమ్మీ ఉంటే మంచిది. స్టీరింగ్ మరీ తేలిగ్గా తిరిగేది ఏది?

ఎక్కుతుంటే కుడికాలి చెప్పు జారి పడింది. సేల్స్‌మన్ వంగి తీసిచ్చాడు. "చెప్పుని నిలబెట్టుకోలేని మనిషి, ట్రాక్టర్ని ఏం నిలబెడతాడయ్యా!" అంది మీ అక్క. అందరూ నవ్వారు. నేనూ నవ్వాననుకో.

మీ బావ

*

వర్క్‌షాపు,
సాయంత్రం

బావా,

నీ ఉత్తరాన్ని ఒకటికి రెండుసార్లు చదివాను. అక్షరాలు కిందకి జారుతున్నాయి. నీ చేతిరాత ఇలా ఉండేది కాదు.

మా దగ్గరికొచ్చేవాళ్ళు హారన్ మోగట్లేదు అంటూ బండి తెస్తారు, విప్పి చూస్తే ఇంకేదో పోయి ఉంటుంది. నువ్వడిగేది ట్రాక్టర్ సంగతి కాదు. మెట్టు కిందకి కావాలా? కాలు ఆనించి ఉంచితే ఏమవుతుందని అడుగుతావా? నిచ్చెన లేకుండా కొబ్బరి చెట్టంత ఎత్తు గడ్డివాము ఎక్కినవాడివి!

డొంకతిరుగుడు మాటలొద్దు. నీ కాలికేమైంది?

నీ బామ్మర్ది

*

తోట ఇంటి నుంచి

ఒరేయ్,

అడిగావు కాబట్టి చెబుతున్నాను. చదివాక చింపెయ్.

మోకాలు కాదు. కండలకి కదలమని చెప్పే నరాలుంటాయట, అవి ఒక్కొక్కటే చచ్చిపోతున్నాయట. ముందు కాలు, తర్వాత చేతులు, ఆ తర్వాత గొంతు. బుర్ర మాత్రం చివరిదాకా శుభ్రంగా పనిచేస్తుందట, అన్నీ చూస్తూ ఉండటానికి. పెద్దాసుపత్రి డాక్టరు పెన్ను మూత తీస్తూ పెడుతూ చెప్పాడు. "మందేంటండీ?" అంటే పెన్ను పక్కన పెట్టేశాడు. అంతే, అర్థమైపోయింది. బయటికొచ్చి అక్కడ బెంచీ మీద ఎంతసేపు కూర్చున్నానో, ఊడ్చే ఆవిడ వచ్చి కాళ్ళు ఎత్తమంది. ఒకటి ఎత్తాను.

మీ అక్కకి తెలీదు. తెలిసిన రోజునుంచి అది నన్ను మొగుడిలా చూడదు, రోగిలా చూస్తుంది. అరవడం మానేస్తుంది. అది అరవడం మానేస్తే ఆ ఇంట్లో నేను ఉండలేనురా. ఒక్క కాపు, ఈ ఒక్క కాపు నా చేత్తో తోట దున్నుకోనీ. ఆ తర్వాత ఎలాగూ దాచినా దాగదు.

కాళ్ళతో పనే లేకుండా, చేత్తో నడిచే బండి ఏదైనా ఉందా? నీ నోటి నుంచి ఒక్క మాట బయటికి రాకూడదు. నామీద ఒట్టు.

మీ బావ

*

వర్క్‌షాపు నుంచి

బావా,

నీ ఉత్తరం చదివాక, బాగుచేస్తున్న బండి కింద నుంచి బయటికొచ్చి గోడవారన కూర్చుండిపోయాను. ఓనర్ వచ్చి, వేడి చేసిందేమో ఇంటికి పొమ్మన్నాడు.

నాకు చేతనైంది ఒక్కటే, ట్రాక్టర్ల గురించి చెప్పడం. అదే చెబుతాను, కోపం తెచ్చుకోకు. చేత్తో నడిచే లివరు పెట్టించొచ్చు. కానీ రేపు చేతులు కూడా అంటున్నావు. నీ కాలికి సరిపోయే బండి, నీ చేతికి సరిపోయే బండి అని వెతికితే ఏదీ దొరకదు బావా. ఆ తోట మీద బతకాల్సింది అక్క. అక్క పొట్టిది. అక్క కాలికి అందే పెడల్, అక్క మెడ తిరిగితే వెనక కనబడే సీటు, అలాంటిది చూడు. ఇప్పుడే, నువ్వు పక్కన నిలబడి నేర్పగలిగినప్పుడే.

అక్కకి చెప్పు. నువ్వు చెప్పకపోతే నేను చెప్పాల్సి వస్తుంది.

నీ బామ్మర్ది

*

తోట

నీ సలహా అందింది. నేనింకా కుర్చీలో కూలబడకముందే నా సీటులో మీ అక్కని కూర్చోబెట్టావు. చాలా సంతోషం.

బండి కొన్నాను. గేర్లదే. నువ్వే కదా కళ్ళు మూసుకుని కొనమన్నావు, మూసుకునే కొన్నాను. ఎల్లుండి ఇంటికి తెస్తున్నారు. నడిపేది నేను. ఇక ఈ విషయం మీద నాకు ఉత్తరాలు రాయొద్దు. మీ అక్కకి ఒక్క ముక్క రాశావంటే మన మధ్య మాటలుండవు.

*

వర్క్‌షాపు నుంచి

బావా,

రాయొద్దన్నా రాస్తున్నాను. దాన్ని వాలులోకి మాత్రం దించకు. పైన చదునులో తిప్పుకో, ఎంతసేపైనా తిప్పుకో. గేర్లో ఉన్నంతసేపు ఇంజనే బండిని పట్టుకుంటుంది. క్లచ్ తొక్కావా, ఇక దాన్ని ఆపేది బ్రేకు ఒక్కటే. ఆ బ్రేకు నీ కుడికాలి కిందుంది.

అక్కకి రాద్దామని కాగితం తీశాను. "అక్కా" అని రాసి ఆపేశాను. నువ్వే చెప్పు బావా. నీ కాళ్ళు పట్టుకుంటాను.

*

తోట ఇల్లు,
వానలు వెలిశాక

తమ్ముడూ,

ఫోన్లో నీ గొంతు వింటే తిట్టలేను. అందుకని కాగితం తీసుకున్నాను.

నిన్న పొద్దున మీ బావ కొత్త బండిని తోటలోకి దించాడు. నేను కింద గోడ దగ్గర రాలిన కాయలు ఏరుతున్నాను. పైనుంచి వస్తున్న చప్పుడు ఉన్నట్టుండి మారింది. తలెత్తి చూస్తే బండి వరుసలో లేదు. చెట్లకి అడ్డంగా పడి, కొమ్మలు విరుచుకుంటూ నా మీదకి వస్తోంది. "తప్పుకో! తప్పుకో!" అని అరుస్తున్నాడు. ఎప్పుడూ నవ్వులాటలాడే మనిషి కదా, ముందు అదే అనుకున్నానురా. ఆయన మొహం కనబడ్డాక పక్కకి దూకాను. సరిగ్గా నేను వంగి ఉన్న చోటే గోడని గుద్దుకుని ఆగింది. బుట్ట నుజ్జయిపోయింది.

ఆయనకేం కాలేదు. స్టీరింగ్ పట్టుకుని అలాగే ఉండిపోయాడు. "దిగు" అన్నాను. దిగలేదు.

"క్లచ్ తొక్కానే. బ్రేకు మీద కాలు పెట్టాను. నొక్కమన్నాను. నొక్కలేదే," అన్నాడు.

అక్కడే చెప్పాడు అంతా. ఆయన పైన కూర్చుని, నేను కింద నిలబడి. అంతా విన్నాక "ఇంకెవరికి తెలుసు?" అని అడిగాను.

"మీ తమ్ముడికి."

ఎన్నో నెలలుగా ఆయన నాతో కలిసి నడవడం మానేశాడు. భుజం మీద చెయ్యేస్తే విదిలించుకునేవాడు. నడుం నొప్పని పక్క గదిలో పడుకుంటున్నాడు. నిద్రలో కాలు ఎగిరెగిరి పడుతుందట, అది నా కంట పడకూడదని. నాకేం తెలుసు? నేనంటే మొహం మొత్తిందనుకున్నాను. ఈ వయసులో అద్దం ముందు నిలబడి నా మొహంలో ఏం పాడైందా అని వెతుక్కున్నాను. జుట్టుకి రంగు వేసుకున్నానురా. ఆయన చూసి "బాగుంది" అని తల తిప్పుకుంటే, స్నానాల గదిలో కుళాయి విప్పుకుని ఏడ్చాను.

నువ్వొక్క ముక్క రాసి ఉంటే నాకా ఏడుపు ఉండేది కాదు. వేరే ఏడుపు ఉండేది, కానీ అది ఇద్దరం కలిసి ఏడ్చేవాళ్ళం.

నువ్వు రావద్దు. నీ మొహం ఇప్పుడు చూడలేను.

అక్క

*

వర్క్‌షాపు నుంచి

అక్కా,

రాను. నువ్వెంత తిట్టినా నాకు తక్కువే. బావ ఒట్టు పెట్టాడని చెప్పను, అది సాకు. చెప్పడానికి నాకు ధైర్యం లేకపోయింది.

డీలర్ వర్క్‌షాపులో నాతో పాటు పని నేర్చుకున్నవాడొకడు ఉన్నాడు. మాట్లాడాను. బండి ముందు భాగం వాళ్ళే సరిచేసుకుని, దాని బదులు వేరేది ఇస్తారు. ఈసారి ఏది అని నేను చెప్పను. బావని తీసుకెళ్ళు. నువ్వెక్కు, ఆయన్ని చూడమను. నాకంటే ఆయనకే బాగా తెలుసు.

తమ్ముడు

*

తోట ఇల్లు,
చలి మొదలైంది

ఒరే తమ్ముడూ,

బండి మార్చాం. డీలర్ దగ్గర ఆయన్ని కుర్చీలో కూర్చోబెడితే నన్ను ఒక్కో దాని మీదకీ ఎక్కించి చంపాడు. ఎక్కు, దిగు, మళ్ళీ ఎక్కు. "మడమ కింద ఆనుతోందా? వెనక్కి తిరుగు. మెడొకటే కాదు, నడుం కూడా తిప్పి చూడు. రోటవేటర్ కనబడుతోందా?" సేల్స్‌మన్ "బండి ఎవరికి సార్?" అని అడిగాడు. "అదిగో, డ్రైవరుగారికి" అని నన్ను చూపించాడు. వాడు గేర్లదే గట్టిదని మళ్ళీ మొదలెడితే, "గట్టిది కాదయ్యా, ఆగడం తెలిసింది కావాలి" అన్నాడు. సేల్స్‌మన్‌కి ఏం అర్థం కాలేదు. నేను బండి మీద కూర్చుని అటువైపు తిరిగిపోయాను.

కాలు తీస్తే ఆగేదే తీసుకున్నాం.

నేర్పడం మొదలెట్టాడు. పై గట్టు మీద కుర్చీ వేసుకుని అక్కడినుంచి కేకలు. "అది స్టీరింగే, గిన్నె కాదు, తోమకు!" "చెట్టుకి దారివ్వు, అది నీకివ్వదు!" నేనూ ఊరుకోలేదు, ఇంజను చప్పుడుని మించి అరిచాను. పక్క తోటవాళ్ళు కొట్టుకుంటున్నామనుకుని వచ్చారు. ఆ నాలుగు రోజులూ ఇంట్లో మళ్ళీ మనుషులున్నట్టనిపించింది.

ఇప్పుడు కేకలు లేవు. మాట ముద్దగా వస్తోంది. ఫోన్లో నీకు అర్థం కాదు, అందుకే ఇవ్వట్లేదు. చెయ్యి కూడా లేవడం లేదు. నిన్న అన్నం కలిపి పెడుతుంటే నోరు తెరవకుండా నా వంక చూస్తూ కూర్చున్నాడు. ఎంత బతిమాలినా తెరవలేదు. చల్లారిపోయాక తెరిచాడు.

నీకొక మాట రాయమన్నాడు. మూడుసార్లు చెప్పించుకుంటే గానీ నాకు అర్థం కాలేదు. "స్పానర్ని ఆ ఒక్క ఉత్తరం చింపెయ్యమను." ఏ ఉత్తరమో నీకు తెలుసట.

అక్క

*

వర్క్‌షాపు నుంచి

అక్కా,

బావకి చదివి వినిపించు: బావా, ఎప్పుడో చింపేశాను. అందులో ఏముందో కూడా గుర్తులేదు.

ఇది నీకు. చలిలో ఇంజను వేసిన వెంటనే బయలుదేరకు, లోపల ఆయిలు వేడెక్కనీ. వాలులో ఎప్పుడూ నిలువునే నడుపు, అడ్డంగా తిప్పకు. గడ్డి తడిగా ఉంటే ఆ రోజుకి మానెయ్.

ఉత్తరం నిండా బండి గురించి, బావ గురించే రాశావు. నువ్వెలా ఉన్నావో ఒక్క ముక్క లేదు. రమ్మంటే ఈ పూటే బయలుదేరతాను.

తమ్ముడు

*

తోట ఇల్లు,
నిమ్మ పూత మీద ఉంది

తమ్ముడూ,

నేనెలా ఉన్నానని అడిగావు. అడిగి చాలా రోజులైంది.

ఆయన మాట పూర్తిగా పోయింది. కళ్ళు ఉన్నాయి. అవునంటే ఒకసారి మూస్తాడు, కాదంటే కాసేపు మూసుకుని ఉంచుతాడు. డాక్టరు ఇప్పుడు ఊపిరి గురించి మాట్లాడుతున్నాడు. గొట్టం పెట్టాలా వద్దా, మీరిద్దరూ అనుకుని చెప్పండి అంటాడు. ఎలా అనుకుంటాం? నేను అడుగుతాను, ఆయన కళ్ళు మూసుకుంటాడు. నేను లెక్కపెడుతూ కూర్చుంటాను, ఇది అవునా, కాదా, నిద్రా అని.

నిద్ర లేపడం, తుడవడం, తిప్పి పడుకోబెట్టడం, అన్నీ చేస్తున్నాను. వేళ తప్పకుండా చేస్తున్నాను. ఆ రోజు బండి మీద ఆయనన్నట్టే అరవడం మానేశాను. ఎవరి మీద అరవను? ఒకరోజు గిన్నె చేజారి పగిలితే, ఎవరైనా ఏదైనా అంటారేమోనని కాసేపు అలాగే నిలబడ్డాను.

ఎవరికీ చెప్పని మాట నీకు చెబుతున్నాను. నాకు ఆ బండంటే ఇష్టంరా. దాని మీదకెక్కి పెడల్ మీద కాలు పెట్టగానే ఒళ్ళు తేలికవుతుంది. మొదటి రెండు చెట్లు దాటేదాకా ఆయన గుర్తుంటాడు. ఆ తర్వాత మర్చిపోతాను. నిజంగా మర్చిపోతాను. పూత వాసన, వెనకాల తిరగబడే మట్టి, చేతుల్లో ఆ అదురు, అంతే ఉంటాయి. ఒకరోజు నాలో నేనే ఏదో పాడుకుంటున్నానని తెలిసి ఠక్కున నోరు మూసుకున్నాను. అటు చివరికెళ్ళి బండి తిప్పగానే పై గట్టు మీద కుర్చీ కనబడుతుంది. అందులో ఆయన, ఒక పక్కకి వాలిపోయి, నా వంకే చూస్తూ. ప్రతి వరుసకీ ఇంతే. మర్చిపోవడం, తిప్పడం, చూడటం.

నిన్న చివరికెళ్ళాక తిప్పలేదు. కాలు తీసేశాను. ఇంజను నడుస్తూనే ఉంది, నేను గోడకేసి చూస్తూ కూర్చున్నాను. వెనక్కి తిరిగి చూడలేదు. పిలవడానికి ఆయనకి గొంతు లేదు, నాకోసం రావడానికి కాళ్ళు లేవు. ఆ సంగతి నాకు తెలుసు, తెలిసే కూర్చున్నాను. ఆ గోడ దాటి ఎటైనా పోవాలనిపించింది. అంత కోరిక నాకెప్పుడూ దేని మీదా పుట్టలేదురా.

ఎండ మీదపడింది. ఆయన మొహం మీద కూడా పడుతుందని గుర్తొచ్చింది. తిప్పుకుని పైకొచ్చాను. ఆయన కళ్ళల్లోంచి నీళ్ళు కారి చెవి దాకా వెళ్ళాయి. ఎండకో, దేనికో.

"నేను రాననుకున్నావా?" అని అడిగాను.

కళ్ళు మూసుకున్నాడు. నేను చూస్తూ నిలబడ్డాను. ఎంతసేపటికీ తెరవలేదు. అప్పుడు అర్థమైంది, ఆయన కాదంటున్నాడు. వస్తానని ఆయనకి తెలుసు. నాకు రాక తప్పదనీ ఆయనకి తెలుసు. అందుకే ఆ నీళ్ళు.

కుర్చీని నీడలోకి జరిపి, మొహం తుడిచి, మిగిలిన వరుసలు దున్నడానికి కిందకెళ్ళాను.

నువ్వు రా.

అక్క